లొకేషన్ పెట్టండి బ్రో!

ఏడాదిన్నర కిందట నేనొక రీల్ పెట్టాను. నిమిషం కూడా లేదు. అడవిలో చిన్న వాగు, బండల మధ్య ఒక మడుగు, అందులోకి దూకుతున్న మా రూమ్మేట్. అంతే. ఆరొందల మంది ఫాలోయర్లున్న నా అకౌంట్‌లో దాన్ని లక్షా ఎనభై వేల మంది చూశారు. ఎందుకు చూశారో నాకైతే ఇప్పటికీ అర్థం కాలేదు. కామెంట్లలో మాత్రం ఒకటే మాట: ‘లొకేషన్ పెట్టండి బ్రో’.

పెట్టాను. మ్యాప్ తెరిచి, సరిగ్గా ఆ మడుగు మీదే వేలు నొక్కి, పిన్ తీసి, కామెంట్లలో అందరికన్నా పైన అతికించాను. మంచి చోటు పది మందికీ చూపించానని ఆ రాత్రి తృప్తిగా పడుకున్నాను కూడా.

మొన్న మార్చిలో మళ్లీ అక్కడికి వెళ్లాం. ఈ వారం సంగతి అదే.

బస్సు కిటికీలోంచి చూసే అడవి

హైదరాబాద్‌లో మా ఆఫీసోళ్లకు ట్రెక్కింగ్ అంటే అనంతగిరి. లాంగ్ వీకెండ్ దొరికితే హంపి, కూర్గ్. ఖమ్మం పేరు ఎవరూ ఎత్తరు. ఖమ్మం అంటే ఖిల్లా, మిర్చి మార్కెట్, ఆపైన భద్రాచలం పోయే దారి. రాములవారి దర్శనానికి వెళ్లేవాళ్లు దారి పొడవునా అడవిని కిటికీలోంచి చూస్తారు. దిగి చూసేవాళ్లు తక్కువ. కాస్త ఓపికున్నవాళ్లు పాల్వంచ దగ్గర కిన్నెరసానికి వెళ్లి, డ్యామ్ చూసి, జింకల పార్కులో ఫొటో దిగి వస్తారు. ఆ డ్యామ్ వెనకాల 635 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం ఉందని, దాన్ని 1977లోనే ప్రకటించారని నాకూ మొన్నటిదాకా తెలీదు.

మేం వెళ్లింది కిన్నెరసాని కాదు, కనకగిరి గుట్టలు. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాల సరిహద్దులో ఉంటాయి. 2016 అక్టోబర్‌లో జిల్లాలు విడిపోకముందు ఇదంతా ఒకే ఖమ్మం జిల్లా. పెనుబల్లి వైపు నుంచి వస్తే పులిగుండాల ప్రాజెక్టు తగులుతుంది. చండ్రుగొండ వైపు నుంచి వస్తే బెండాలపాడు. టేకు, నల్లమద్ది, తునికి, ఇప్ప, వెదురు. గుట్టల మీద కాకతీయుల కాలం నాటిదని చెప్పే వీరభద్రస్వామి గుడి, పాత రాతి కట్టడాల ఆనవాళ్లు. అడవి, కాలిబాట, శిథిలాలు మూడూ ఒకేచోట దొరుకుతాయి. ఇదే వేరే దేశంలో ఉంటే పార్కింగ్ దగ్గరే రంగుల మ్యాపు చేతిలో పెట్టి, టికెట్ కొట్టి పంపేవాళ్లు.

మొదటిసారి ఎవర్నీ అడక్కుండానే లోపలికి దూరాం. రిజర్వ్ ఫారెస్ట్‌లోకి అనుమతి లేకుండా వెళ్లడం చట్టరీత్యా తప్పని అప్పుడు పట్టించుకోలేదు. ఈసారి ముందే అటవీ శాఖ వాళ్లను అడిగాం. పెద్ద బాట వదలొద్దు, నిప్పు రాజెయ్యొద్దు, చీకటి పడేలోపు కిందికి దిగాలి అని మూడు ముక్కలు చెప్పారు. మూడింట్లో మొదటిదాన్ని గంటలోపే తప్పాం.

‘ఫోన్ ఎప్పుడన్నా వచ్చిందా ఈ అడివికి?’

శుక్రవారం రాత్రి ఖమ్మంలో పడుకుని తెల్లారుజామున నాలుగింటికి బయల్దేరాం. వైరా, తల్లాడ, ఏన్కూరు, జూలూరుపాడు. మార్చి కదా, కల్లాల్లో మిర్చి ఆరబోసి ఉంది. చీకట్లో కనిపించలేదు కానీ, అద్దాలు దించగానే ఇద్దరికీ ఒకటే దగ్గు.

ఆరింటికి నడక మొదలైంది. అరగంట తర్వాత బాట రెండుగా చీలింది. సిగ్నల్ లేదు, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాప్ ఉంది. అందులో పచ్చరంగు మధ్యలో ఒక నీలం చుక్క. చుట్టూ ఒక్క గీత లేదు, ఒక్క పేరు లేదు. ‘ఎడమే మామా, గుడి నార్త్‌లో కదా’ అన్నాడు మావాడు. ఎడమకు తిరిగాం. కాసేపటికి బాట సన్నబడింది. ఇంకాసేపటికి అది బాటో, ఎండాకాలం వాగు వదిలేసిన చారో తెలీలేదు. ఎండుటాకుల మీద మా అడుగుల చప్పుడుకే మేం ఉలిక్కిపడుతున్నాం. ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయినా ఇంత చెమట పట్టలేదు నాకు.

అప్పుడు చీపురు చప్పుడు వినిపించింది.

అడవిలో చీపురేంటని అటే వెళ్లాం. పెద్ద ఇప్పచెట్టు కింద ఒక పెద్దావిడ నేల ఊడుస్తోంది. పక్కన వెదురు గంప. నేల మీద మీగడ రంగులో, ద్రాక్షపండంత పూలు. గాలంతా తీపి వాసన.

‘యాడికి బాబూ?’ అంది.

‘గుడికి పెద్దమ్మా.’

‘గుడికైతే ఇటెందుకొచ్చిన్రు? గుడి అటు.’

‘ఫోన్ ఇటు చూపించింది.’

‘ఫోన్ ఎప్పుడన్నా వచ్చిందా ఈ అడివికి?’

మావాడు నవ్వాడు. నేను ఫోన్ జేబులో పెట్టాను.

ఆమెది గుట్ట కింద కోయగూడెం. ఇప్పపూలు రాత్రి నుంచి తెల్లారేదాకా రాలతాయి. ఎండెక్కేలోపే ఏరాలి, లేకపోతే పశువులు, అడవిపందులు తినిపోతాయి. ఏరినవాటిని ఎండబెడితే కిస్‌మిస్‌లా ముడుచుకుంటాయి. కొన్ని ఇంట్లోకి, కొన్ని జీసీసీకో సంతలోనో అమ్మకానికి. ఇప్పసారా సంగతి మీకు తెలిసిందే. పూలు బాగా కనపడాలని కొంతమంది చెట్టు కింద ఆకులకు నిప్పు పెడతారు. ఎండాకాలం అడవులు తగలబడటానికి అదీ ఒక కారణం. ఈమె మాత్రం ఊడుస్తోంది.

‘మంట పెడితే పని జల్దీ అయితది గానీ, కింద మొలిసిన పిల్లమొక్కలన్నీ పోతయి. ఈ చెట్టు పోయినంక ఏమేరుతరు మరి?’

మా టీమ్‌లో మెయింటెనెన్స్ గురించి ఇంత సూటిగా మాట్లాడే మనిషిని నేను చూళ్లేదు.

గంప నిండాక, ‘రాండ్రి, బాట మీద వదిలిపెడత’ అని ముందు నడిచింది. కాళ్లకు చెప్పుల్లేవు. మాకేమో ఐదు వేలు పోసి కొన్న ట్రెక్కింగ్ షూస్. ఆమె వెనకాల పరిగెత్తలేక చచ్చాం. అప్పుడు తెలిసింది, ఇక్కడ మనం ట్రెక్కింగ్ ట్రెయిల్ అంటున్న ప్రతిదీ ఎవరో ఒకరు పనికి వెళ్లే దారే. ఒకటి ఇప్పచెట్లకు, ఒకటి తునికాకుకు, ఒకటి వాగుకు, ఒకటి పక్క గూడెంలో చుట్టాలింటికి. మ్యాప్‌లో గీత లేనంత మాత్రాన అక్కడ దారి లేనట్టు కాదు.

మడుగు దగ్గర

ఆ దారి మలుపు తిరిగేసరికి నా కాళ్లు ఆగిపోయాయి. ఆ బండలు నాకు తెలుసు.

రీల్‌లో నీళ్లు మెడదాకా ఉన్నాయి. ఇప్పుడు మార్చి, మోకాళ్లలోతు కూడా లేవు. నీళ్లు తగ్గేసరికి అడుగునున్నవన్నీ పైకి తేలాయి. బీరు సీసాలు, పగిలిన పెంకులు, బిర్యానీ పొట్లాల రేకు కాగితాలు, ఒక డిస్పోజబుల్ గ్లాసుల దొంతర. పెద్ద బండ మీద తెల్ల పెయింటుతో రెండు పేర్లు, మధ్యలో గుండె బొమ్మ.

ఆమె ఆ వైపు పోకుండా చుట్టు తిప్పి తీసుకెళ్లింది. ఎందుకంటే చెప్పింది. నిరుడు తునికాకు కోతల్లో నీళ్లకని దిగితే మడమలో సీసా పెంకు దిగిందట. పాదం ఎత్తి చూపించింది. మడమ అడ్డంగా తెల్లటి మచ్చ.

‘పట్నం పిలగాండ్లు బండ్లేసుకొని వస్తరు. తాగుతరు, బండకేసి కొడతరు. ముందల రాకపోయేది. ఈ మజ్జెనే ఎట్ల తెలిసిందో ఏమో.’

ఎట్ల తెలిసిందో నాకు తెలుసు.

పది రోజులు పనికి పోలేదట. పది రోజులే కదా అనిపిస్తుంది వింటే. తునికాకు సీజన్ ఎండాకాలంలో కొద్ది వారాలే ఉంటుంది. 50 ఆకులు ఒక కట్ట. వెయ్యి కట్టలు ఒక స్టాండర్డ్ బస్తా, అంటే 50,000 ఆకులు. డబ్బులు కట్టల లెక్కన వస్తాయి. ఒక్కో ఆకూ వంగి కోయాలి, ఇంటికి మోయాలి, వరస పెట్టి కట్టాలి, కల్లానికి తేవాలి. వంద కట్టలంటే ఐదు వేల ఆకులు. సీజన్‌లో పది రోజులు పోవడమంటే మనకు ఒక రోజు జీతం కోసినట్టు కాదు, ఏడాదికొకసారి చేతిలో పడే డబ్బులో పెద్ద ముక్క పోయినట్టు.

ఆ రీల్ నాదేనని ఆమెకు చెప్పానా? చెప్పలేదు. నోరు రాలేదు. ‘అయ్యో’ అన్నాను, అంతే. మావాడు నా మొహం చూసి నేల చూశాడు. ఇద్దరం బ్యాగులో కవరు తీసి దొరికినన్ని పెంకులు ఏరాం. ఆమె ఆశ్చర్యంగా చూసి, ‘మీకెందుకు బాబూ, మీరేసినయా?’ అంది. దానికీ జవాబు చెప్పలేదు.

గుట్ట మీది రాళ్లు

పెద్ద బాట దాకా వచ్చి ఆమె వెనక్కి మళ్లింది. మేం పైకెక్కాం.

కోట, గుడి అంటే మనకు వరంగల్ తోరణమో, రామప్పో గుర్తొస్తుంది. 2021 జులైలో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చాక అక్కడ జనం బాగా పెరిగారు. అలాంటి అందం ఆశించి కనకగిరి ఎక్కితే నిరాశే. ఇక్కడ రాళ్లు పోజు పెట్టవు. కొన్ని నిలబడ్డాయి, కొన్ని ఒరిగాయి, కొన్ని మట్టిలో సగం కూరుకుపోయాయి. ఒక గోడలోంచి జువ్వి చెట్టు మొలిచి, వేళ్లు రాళ్ల సందుల్లోకి చొచ్చుకుపోయాయి. పక్షి రెట్టలో వచ్చిన గింజ ఇది. మొదట సందులో సన్నటి వేరు, తర్వాత అదే లావెక్కి రాయిని పక్కకు నెట్టేస్తుంది. చెట్టును పీకితే గోడ కూలుతుంది, వదిలేస్తే చెట్టే కూల్చేస్తుంది. పాత కోడ్ మీద పనిచేసిన ఎవరికైనా ఈ బాధ అర్థమవుతుంది.

ఇలాంటి పాత గుళ్లకు చెట్టుకన్నా పెద్ద శత్రువు మనిషి. గుప్తనిధులున్నాయని నంది కింద, లింగం కింద తవ్విపోస్తారు. తెలంగాణ అంతటా ఈ జబ్బు ఉంది. నేలలో దొరికిన నిధిని ప్రభుత్వానికి చెప్పి తీరాలని 1878 నాటి చట్టమే చెబుతోంది, కానీ చట్టం తవ్వేవాడికి అడ్డం వచ్చి నిలబడదు కదా. తవ్వేవాడికి నిధి దొరకదు, మనకు గుడి మిగలదు.

పైనుంచి చూస్తే అడవి దుప్పటిలా పరుచుకుని ఉంది. మధ్యమధ్యలో బోడి మచ్చలు. పోడు భూములు. అటు చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు, కానీ ఆ చూపు అంత తేలికైంది కూడా కాదు.

2022 నవంబర్ 22న ఈ బెండాలపాడు అడవిలోనే, మొక్కలు పెంచుతున్న ప్లాంటేషన్ దగ్గర గొడవలో ఒక ఫారెస్ట్ రేంజ్ ఆఫీసర్ హత్యకు గురయ్యారు. దాడి చేసింది గుత్తికోయలు. 2005 తర్వాత ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం, మావోయిస్టుల మధ్య నలిగి, ఊళ్లొదిలి ఇటు వచ్చి తలదాచుకున్నవాళ్లలో గుత్తికోయలే ఎక్కువ. ఆ అధికారి తన డ్యూటీ చేస్తూ ప్రాణం పోగొట్టుకున్నారు. దాన్ని ఏ కారణంతోనూ సమర్థించలేం. అటవీ హక్కుల చట్టం 2006లో వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్న భూమికే హక్కు అంటుంది. 2023 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం పోడు పట్టాల పంపిణీ మొదలుపెట్టి, నాలుగు లక్షల ఎకరాలకు పైగా ఇచ్చామంది. పట్టా వచ్చినవాళ్లున్నారు, రానివాళ్లున్నారు, ఆ తేదీ తర్వాత ప్రాణం అరచేతిలో పెట్టుకుని వచ్చినవాళ్లూ ఉన్నారు. మొక్కలు కాపాడాల్సిన ఉద్యోగి ఒకవైపు, కడుపు నింపుకోవాల్సిన మనిషి ఇంకోవైపు.

వీటి మధ్యలోకి మనం శనివారం పొద్దున కారేసుకుని వస్తాం. మన స్క్రీన్ మీద ఇదంతా ఒకే పచ్చరంగు.

మరి ఎవరికీ చెప్పొద్దా?

తిరుగు దారిలో జూలూరుపాడు దగ్గర సిగ్నల్ రాగానే చేసిన మొదటి పని ఆ కామెంట్ తీసేయడం. తర్వాత రీల్ కూడా. కానీ నా పిన్ కాపీ కొట్టి ‘ఖమ్మంలో సీక్రెట్ స్పాట్’ అని పెట్టినవాళ్లు అప్పటికే నలుగురున్నారు. డిలీట్ నొక్కితే పోయేది మన కాపీ ఒక్కటే. ఈ సంగతి నాకన్నా బాగా ఎవరికి తెలియాలి, చేసే ఉద్యోగమే అది.

ఈ గొడవ మనదొక్కటే కాదు. 2018లో అమెరికాలో వయోమింగ్ రాష్ట్రంలోని జాక్సన్ హోల్ పర్యాటక బోర్డు ఫొటోలకు కచ్చితమైన చోటు ట్యాగ్ చేయొద్దని, ప్రాంతం పేరుతో సరిపెట్టమని ప్రచారం మొదలుపెట్టింది. టూరిస్టుల మీద బతికే బోర్డే ఆ మాట అంది. దానికి ఎదురు వాదన కూడా ఉంది. ‘మేం చూసేశాం, ఇక మీరు రావొద్దు’ అనడం స్వార్థం కాదా? అడవి ఎవడి సొత్తు? కారున్నోడికి, ముందే తెలిసినోడికి మాత్రమేనా?

నిజం చెప్పాలంటే నేనూ మొదట అలాగే అనుకున్నా. ఇక జన్మలో ఎవరికీ ఏ చోటూ చెప్పను అని. కానీ పెద్ద బాట మీద విడిపోయే ముందు ఆమెతో ‘ఇక్కడికి ఎవరూ రాకుంటేనే మంచిది కదా పెద్దమ్మా’ అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

‘అట్లెందుకు బాబూ, రానీ. శివరాత్రికి గుడికి రారా జనం? అడిగి రావాలె. ఊళ్లె అడిగితే ఎవరో ఒక పిలగాడు ఎంబడొస్తడు. ఆనికీ నాలుగు పైసలు. మీకూ దారి తప్పదు.’

అక్కడ నాకు వెలిగింది. పిన్‌తో వచ్చిన అసలు తంటా అదే. జనాన్ని తెచ్చిందని కాదు, ఎవర్నీ అడగాల్సిన పని లేకుండా తెచ్చింది. ఊళ్లో బండి ఆపక్కర్లేదు, ఎవరి మొహం చూడక్కర్లేదు, ‘ఈ నీళ్లు ఎవరు తాగుతారు’ అని ఆలోచించక్కర్లేదు. సరాసరి మడుగు దగ్గర దిగుతాం. మొహం చూసిన మనిషి తాగే వాగులో సీసా పగలగొట్టడం అంత తేలిక కాదు.

అందుకే ఇక్కడ కనకగిరి పేరు రాశాను, దారి రాశాను, మడుగు ఎక్కడో మాత్రం రాయలేదు. వెళ్లాలనుకుంటే వెళ్లండి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా హాయిగా ఉంటుంది. ముందు అటవీ శాఖ వాళ్లను అడగండి. బాట మీద ఉండండి. నీళ్లు మీవి మీరు మోసుకెళ్లండి, చెత్త మీది మీరు తెచ్చుకోండి. అగ్గిపెట్టె కారులోనే వదిలేయండి. రాళ్ల మీద పేర్లు రాయకండి, మీ ప్రేమ ఎంత గొప్పదైనా సరే. ఊరివాళ్లను తోడు తీసుకుంటే అడిగినంత ఇవ్వండి, సిటీలో క్యాబ్ వాడికి ఇచ్చినట్టే.

నిన్న రాత్రి పాత ఫాలోయర్ ఒకడు మెసేజ్ పెట్టాడు. ‘బ్రో, ఆ వాటర్ స్పాట్ లొకేషన్ పోయింది, మళ్లీ పెట్టండి.’

‘చండ్రుగొండలో బండి ఆపి అడుగు తమ్ముడూ’ అని జవాబిచ్చాను.

‘ఎవర్ని?’ అన్నాడు.

‘ఎవరు కనపడితే వాళ్లని.’